బొమ్మను దూరానికి పంపిన జాన్ లోగీ బెయిర్డ్

ఇవాళ చేతిలో ఫోన్ ఉన్న ప్రతివారూ 'లైవ్' ఇస్తున్నారు. ఒకచోట జరిగేది అదే సమయానికి మరోచోట కనిపించేలా చేయవచ్చని లోకానికి చూపించిన తొలితరం శాస్త్రజ్ఞుల్లో ముఖ్యులు జాన్ లోగీ బెయిర్డ్.

ఆయన 1888 ఆగస్టు 13న స్కాట్లాండ్‌లోని హెలెన్స్‌బరోలో జన్మించారు. తండ్రి చర్చిలో పాస్టరు. చిన్ననాటి నుంచీ అనారోగ్యమే. గ్లాస్గోలో ఇంజనీరింగ్ చదువుతుండగా మొదటి ప్రపంచయుద్ధం వచ్చి చదువు ఆగిపోయింది. సైన్యంలో చేరబోతే ఆరోగ్యం చాలదని తిప్పి పంపారు. సాక్సులు అమ్మారు. ట్రినిడాడ్ దీవికి వెళ్లి జామ్ తయారీ పెట్టారు. తిరిగొచ్చి సబ్బుల వ్యాపారం చేశారు. జబ్బు ఆయన్ను ఎక్కడా నిలవనివ్వలేదు.

1923లో ఆరోగ్యం కోసం హేస్టింగ్స్ అనే సముద్రతీర పట్టణానికి చేరారు. అక్కడ అద్దె గదిలోనే ప్రయోగాలు మొదలుపెట్టారు. పాత టీ పెట్టె, టోపీ పెట్టె, సైకిల్ లైటు అద్దాలు, కుట్టుసూదులు, లక్క - ఇవే ఆయన సామగ్రి. 1924లో కరెంటు షాక్ కొట్టి ప్రాణాపాయం తప్పింది. ఇంటి యజమాని ఖాళీ చేయమన్నాడు. ఆయన లండన్ వెళ్లి పని కొనసాగించారు.

బొమ్మ మొత్తం ఒకేసారి తీగలో వెళ్లదు. అందుకని రంధ్రాలున్న పళ్లెం గిర్రున తిరుగుతూ దాన్ని 30 గీతలుగా విడగొట్టేది. ఒక్కో గీతలోని వెలుగునీడలు కరెంటుగా మారి వెళ్లేవి. అవతల అదే వేగంతో తిరిగే మరో పళ్లెం ఆ గీతలను మళ్లీ బొమ్మగా పేర్చేది. ఈ పళ్లేన్ని 1884లోనే జర్మనీకి చెందిన నిప్కోవ్ ఆలోచించారు. దానితో మనిషి ముఖాన్ని స్పష్టంగా చూపించింది బెయిర్డ్. 1926 జనవరి 26న లండన్‌లో శాస్త్రజ్ఞుల ముందు ప్రదర్శించారు. 1927లో టెలిఫోన్ తీగపై లండన్ నుంచి గ్లాస్గోకు, 1928లో రేడియో ద్వారా అట్లాంటిక్ దాటించి అమెరికాకు బొమ్మలు పంపారు. 1931లో డెర్బీ గుర్రప్పందేలను ప్రత్యక్షంగా ప్రసారం చేశారు.

అయితే 1936లో బీబీసీ ఆయన 240 గీతల పద్ధతినీ, మార్కోనీ-ఇఎంఐ వారి 405 గీతల పద్ధతినీ పక్కపక్కన పరీక్షించి, 1937లో ఆయనది వదిలేసింది. అంతకుముందే క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో ఆయన ప్రయోగశాల కాలిపోయింది. అయినా పని ఆపలేదు. 1944లో రంగుల టెలివిజన్ చూపించారు. 1946 జూన్ 14న 57 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన పళ్లెం పోయినా పద్ధతి మిగిలింది. నేటి ఫోన్ కూడా దృశ్యాన్ని విడగొట్టే పంపుతుంది. మారిన భాగాన్నే ఎక్కువగా పంపి డేటా ఆదా చేస్తుంది. చిన్న ముక్కలుగా సర్వర్‌కు చేరుస్తుంది. చూసేవారి ఫోన్ కొన్ని సెకన్ల ముక్కలను ముందుగా దాచుకుని ఆడిస్తుంది. లైవ్ కాస్త ఆలస్యంగా కనిపించేది అందుకే.

మిత్రులారా! కూలి మానుకుని మన వార్షికోత్సవానికి రాలేని తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. వార్డెన్ గారి అనుమతి తీసుకుని ఒక ఫోన్‌ను స్టాండుకు కదలకుండా బిగించండి. మైకును మాట్లాడేవారికి దగ్గరగా పెట్టండి. సిగ్నల్ బాగున్న చోటు చూసుకుని ముందురోజే ఒకసారి పరీక్షించండి. లింకును ఇళ్లవారికే పంపండి. తమ బిడ్డ బహుమతి అందుకోవడం వాళ్లూ ఆ క్షణంలోనే చూస్తారు. టీ పెట్టెతో మొదలుపెట్టిన బెయిర్డ్ కంటే మన దగ్గర ఎక్కువే ఉంది.