చావు కోసం వెళ్లిన డాక్టర్ ఇన్సులిన్‌తో తిరిగొచ్చాడు

మీ ఇంట్లో ఇన్సులిన్ వాడేవారు ఉంటే డాక్టర్ రాబర్ట్ డేనియల్ లారెన్స్ గురించి మీరు తెలుసుకోవాలి. ఇన్సులిన్ కనిపెట్టిన ఘనత కెనడాలోని బాంటింగ్ బృందానిది. దాన్ని ఇంట్లో, రోజూ, తిండి లెక్కతో కలిపి ఎలా వాడుకోవాలో రోగులకు నేర్పిన తొలితరం వైద్యుల్లో లారెన్స్ ఒకరు. ఆయనా షుగర్ రోగే.

1892లో స్కాట్లాండ్‌లోని అబర్దీన్‌లో పుట్టి, అక్కడే వైద్యం చదివారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైనిక వైద్యుడిగా అప్పటి భారత సరిహద్దుల్లో పనిచేసి, జిగట విరేచనాలతో 1919లో ఇంటికి చేరారు. తర్వాత లండన్‌లోని కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో ఉద్యోగం. ఒకరోజు చెవి వెనుక ఎముక ఆపరేషన్‌ను మృతదేహం మీద సాధన చేస్తుండగా ఎముక పెచ్చు ఎగిరి కంట్లో పడింది. అది ఇన్ఫెక్షన్‌గా మారింది. ఆసుపత్రిలో చేర్చి పరీక్షిస్తే మధుమేహం బయటపడింది. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

ఆ రోజుల్లో దీనికి చికిత్స అంటే పస్తులే. పిండి పదార్థాలు దాదాపు మానేసి, ఎముకల గూడుగా మారి, కొద్దికాలం బతకడం. తన చావు ఇంట్లోవాళ్లు చూడకూడదని లారెన్స్ ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్లి చిన్న ప్రాక్టీసు పెట్టుకున్నారు. 1923 నాటికి బాగా క్షీణించారు. కాళ్ల నరాలు దెబ్బతిన్నాయి. అప్పుడే కింగ్స్‌లోని సహోద్యోగి హారిసన్ నుంచి కబురు వచ్చింది: ఇన్సులిన్ దొరికింది, పనిచేస్తోంది, వెంటనే రమ్మని. ఆ స్థితిలోనే కారులో బయల్దేరి లండన్ చేరారు. మే 31న మొదటి ఇంజెక్షన్ పడింది.

అసలు పని అక్కడి నుంచే మొదలైంది. ఇన్సులిన్ ఎక్కువై తిండి తక్కువైతే చెమటలు, వణుకు, తికమక, చివరికి స్పృహ తప్పడం. తిండి ఎక్కువై ఇన్సులిన్ తక్కువైతే చక్కెర పెరిగిపోవడం. ఈ రెండింటినీ ఇంట్లో జతచేయడానికి ఆయన ఒక పద్ధతి తయారుచేశారు. పిండి పదార్థాల భాగాలకు నలుపు, మాంసకృత్తులు, కొవ్వుల భాగాలకు ఎరుపు. ఒక నలుపు భాగంలో 10 గ్రాముల పిండి పదార్థం. ఒక నలుపు, ఒక ఎరుపు కలిస్తే ఒక వరుస. పూటకు ఎన్ని వరుసలో డాక్టర్ చెబుతారు, ఏవి తినాలో రోగి ఎంచుకుంటాడు. ఇవాళ మనం నేర్పే కార్బోహైడ్రేట్ లెక్కకు ఇది పూర్వరూపమే. నాకైతే ఇన్సులిన్ తర్వాత అంత గొప్ప మేలు ఇదే అనిపిస్తుంది. వ్యాయామం చేస్తే అదే డోసు మరింత బలంగా పనిచేస్తుందని 1926లో ఆయన ప్రచురించారు. అందుకే ఎక్కువ నడిచిన రోజున చక్కెర పడిపోతుందేమో గమనించమంటాం.

అప్పుడు గ్లూకోమీటర్లు లేవు. నీలిరంగు ద్రావణంలో మూత్రం కలిపి మరిగించాలి. చక్కెర పెరిగేకొద్దీ రంగు ఆకుపచ్చ నుంచి ఇటుక ఎరుపుకు మారేది. మీకు వేలికొన నుంచి ఒక్క చుక్క రక్తం చాలు. అయినా చాలామంది టిఫిన్ మానేసి డోసు వేసుకుంటారు, లేదా జ్వరం వచ్చి తినలేకపోతే ఇన్సులిన్ మొత్తం ఆపేస్తారు. రెండూ ప్రమాదమే. టైప్ 1 వారు జ్వరంలోనూ ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. ఎంత మార్చాలో డాక్టర్‌ను అడగండి. చక్కెర 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

లారెన్స్ 1925లో రాసిన 'ది డయాబెటిక్ లైఫ్' ఎన్నో ముద్రణలు పొందింది. 1934లో తన రోగి, రచయిత హెచ్.జి.వెల్స్‌తో కలిసి మధుమేహుల సంఘం స్థాపించారు. రోగులూ వైద్యులూ కలిసి కూర్చున్న ఆ సంఘమే నేటి డయాబెటిస్ యూకే. 1950లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్యకు తొలి అధ్యక్షుడయ్యారు. పెళ్లి చేసుకున్నారు, ముగ్గురు కొడుకులు. 1968లో, 75వ ఏట కన్నుమూశారు. మొదటి ఇంజెక్షన్ వేసుకుని అప్పటికి 45 ఏళ్లు.