నేర్చుకున్న గణితం ఎవరి కోసం?

ఇంజనీరింగ్ చదివే మన సంఘ యౌవనస్థులు ప్రార్థన మనవులలో గణితం పేరు చెప్పడం మేము తరచు వింటున్నాము. విద్యుదయస్కాంత సిద్ధాంతం దగ్గరకు రాగానే పాక్షిక అవకలనాలు, డైవర్జెన్స్, కర్ల్ ఎదురై నిరుత్సాహపడతారు. వారి కోసం ఈ వారం జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ జీవితాన్ని తలంచుకుందాము.

ఆయన 1831 జూన్ 13న స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో జన్మించారు. ఎనిమిదేళ్లకే 119వ కీర్తనలోని 176 వచనాలూ చూడకుండా చెప్పేవారు. ఆ వయసులోనే తల్లి క్యాన్సర్‌తో మరణించింది. బడిలో తోటిపిల్లలు ఆయనను వెర్రివాడని ఎగతాళి చేశారు. ఆ పిల్లవాడే 1854లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో రెండవ స్థానం పొందారు.

అప్పటికి లండన్‌లో మైకేల్ ఫారడే ఉన్నారు. కమ్మరి కుమారుడు, పుస్తకాలు బైండు చేసే పని నేర్చినవాడు, ఒక చిన్న సంఘంలో పెద్దగా సేవచేసిన విశ్వాసి. అయస్కాంతం చుట్టూ ఇనుప రజను ఏర్పరచే గీతలలో ఆయన ప్రకృతి రహస్యాన్ని చూశారు. కానీ ఉన్నత గణితం ఆయనకు రాదు. అందుచేత పండితులు అనేకులు ఆ ఊహను లెక్కచేయలేదు.

మాక్స్‌వెల్ అలా చేయలేదు. విద్యుత్తు గురించి గణితజ్ఞులు రాసినవి చదవకముందే ఫారడే పరిశోధనలను పూర్తిగా చదవాలని నిర్ణయించుకున్నారు. అయస్కాంత బలం పొడవు, వెడల్పు, ఎత్తు, కాలం నాలుగింటినిబట్టీ మారుతుంది; ఒక్క చరరాశి కలనగణితం దానికి చాలదు. ఒక చోటినుండి గీతలు ఎంత వెలుపలికి పారుతున్నాయో డైవర్జెన్స్ చెబుతుంది, ఎంత సుడి తిరుగుతున్నాయో కర్ల్ చెబుతుంది. కర్ల్ అనే పేరు మాక్స్‌వెల్ పెట్టినదే.

ఆ గణితం చూసి మొదట బెదిరినా, తన ఊహ దానికి తట్టుకొని నిలిచినందుకు ఆశ్చర్యపడుతూ ఫారడే 1857లో ఆయనకు ఉత్తరం రాశారు. 1865లో అచ్చయిన వ్యాసంలో మాక్స్‌వెల్, వెలుగు కూడా విద్యుదయస్కాంత తరంగమేనని సమీకరణాలతో చూపించారు. స్వగ్రామం దగ్గరి కోర్సాక్ సంఘంలో ఆయన పెద్దగా ఉండేవారు. 1879 నవంబరు 5న, 48 ఏళ్ల ప్రాయంలో, తల్లికి వచ్చిన వ్యాధితోనే ప్రభువునందు నిద్రించారు. తరువాత 1888 నాటికి జర్మనీలో హెర్ట్జ్ ఆ తరంగాలను ప్రయోగంలో పట్టి చూపారు. నేటి రేడియో, సెల్‌ఫోను వాటిమీదనే నడుస్తున్నాయి.

చూసినవాడు ఒకరు, రాసినవాడు మరొకరు. చదువురానివాని మాటను చదువుకున్నవాడు తక్కువ చేయలేదు. తన చదువునంతా దానికి పరిచారం చేయడానికి ఉపయోగించాడు. మన సంఘాలలో డిగ్రీలున్నవారు లేనివారి మాటను ఇలాగే వింటున్నారా?

ప్రియ విద్యార్థులారా, సూత్రం కంఠస్థం చేయకముందు అది దేనిని చూపుతున్నదో చూడండి. ఆ పైన ఓపికతో అభ్యాసం చేయండి. ఆ శ్రమ రేపు మరొకరికి మేలు చేసేలా ప్రభువు మిమ్మును వాడుకొనును గాక.