కాలి నరంతో గుండెకు దారి వేసిన డాక్టర్ ఫవలోరో

బైపాస్ అయిన పెద్దవాళ్ల కాలు మీద పొడవాటి కుట్ల గుర్తు చాలామంది చూసే ఉంటారు. ఆ గుర్తు వెనకున్న డాక్టర్ రెనె ఫవలోరో పేరు మాత్రం తెలిసినవాళ్లు తక్కువ.

ఆయన 1923లో అర్జెంటీనాలోని లా ప్లాటాలో పుట్టారు. నాన్న వడ్రంగి, అమ్మ బట్టలు కుట్టేది. డాక్టర్ చదువు అయ్యాక 1950లో ఒక మారుమూల ఊరికి వెళ్లారు. కొన్నాళ్లకని వెళ్లిన మనిషి 12 ఏళ్లు అక్కడే ఉండిపోయారు. డాక్టరైన తమ్ముడూ వచ్చి చేరాడు. బ్లడ్ బ్యాంకు లేని ఆ ఊళ్లో, అవసరం పడితే వచ్చి రక్తం ఇచ్చేలా ఊరివాళ్లనే సిద్ధం చేసుకున్నారు.

1962లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ క్లినిక్‌కు వెళ్లారు. 1967 మే 9న, 51 ఏళ్ల మహిళకు గుండె రక్తనాళం మూసుకుపోతే, ఆమె కాలి సిర తీసి అక్కడ కుట్టారు. మనవాళ్లు కాలి నరం అనేది ఈ సిరనే. అంతకుముందు ఒకరిద్దరు ప్రయత్నించకపోలేదు. కానీ దాన్ని రోజూ చేసే ఆపరేషన్‌గా నిలబెట్టింది ఫవలోరోనే.

చిక్కల్లా ఏమిటంటే, కాలి సిర ఈ పనికి పుట్టింది కాదు. అది తక్కువ ఒత్తిడిలో మెల్లగా వెళ్లే రక్తానికి అలవాటు పడ్డది. గుండె దగ్గరికి చేరగానే బీపీ మొత్తం దాని మీద పడుతుంది. తీసేటప్పుడు లోపలి పొర దెబ్బతింటే మొదటి నెలలోనే రక్తం గడ్డకట్టి మూసుకుపోవచ్చు. ఆ తర్వాత ఏడాది వరకు ఒత్తిడికి తట్టుకోవడానికి గోడ మందమవుతుంది, దారి సన్నబడుతుంది. అది దాటాక కొవ్వు పేరుకోవడం మొదలు. పదేళ్లకు దాదాపు సగం సిరలు మూసుకుపోవడమో, బాగా సన్నబడటమో జరుగుతుంది.

ఛాతీ లోపలి ధమని అలా కాదు. పదేళ్ల తర్వాత కూడా ఎక్కువ మందిలో తెరుచుకునే ఉంటుంది. గుండె ముందువైపు నాళానికి ఆ ధమని వేసినవాళ్లు ఎక్కువ కాలం బతికారని 1986లో క్లీవ్‌ల్యాండ్ డాక్టర్లే లెక్కలతో చూపించారు. అయినా మూడు నాలుగు చోట్ల దారి వేయాలంటే అదొక్కటీ సరిపోదు. అందుకే సిర నేటికీ వాడుకలోనే ఉంది. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్రలు రాసేది ఆ సిరను కాపాడటానికి కూడా. నొప్పి పోయిందని వాటిని సొంతంగా ఆపేసినా, మళ్లీ సిగరెట్ ముట్టించినా ముందు దెబ్బతినేది అదే.

ఫవలోరో 1971లోనే, ఉన్న పేరూ డబ్బూ వదిలేసి సొంత దేశానికి వెళ్లిపోయారు. 1975లో ఫౌండేషన్ పెట్టారు. డబ్బు లేదని రోగిని తిప్పి పంపడం ఆయనకు చేతకాలేదు. రావాల్సిన బకాయిలు రాలేదు, అప్పులు మాత్రం పెరిగాయి. సాయం కోరుతూ దేశాధ్యక్షుడికి ఉత్తరం రాశారు. దానికి జవాబు రాకముందే, 2000 జులై 29న, 77 ఏళ్ల వయసులో తన ప్రాణం తానే తీసుకున్నారు. బ్యూనస్ ఎయిరిస్‌లో ఆయన ఆస్పత్రి ఇప్పటికీ నడుస్తోంది.