క్లౌ దొరగారి పదునైదు నెలల నిరీక్షణము

ధర్మజీవనమునకు కొలత యేది? మనుజుడు ప్రార్థనామందిరమున కెన్నిమారులు పోయెననుటయా, పోయివచ్చిన పిదప వాని నడత యెంత మాఱెననుటయా? ఈ ప్రశ్న యేమతమువారికైనను తప్పదు. ఒంగోలులో పనిచేసిన యొక క్రైస్తవ బోధకుని జీవితమున దీనికి మంచి యుత్తరము గలదని తోచి, చదువరుల కెఱింగించుచున్నాము.

మా ఆలూరు సీమలో వృద్ధులు కరువన్నచో ధాత కరువునే తలచెడివారు. 1876 మొదలు 1878 వఱకు నెలకొనిన యా క్షామమున బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మిక్కిలి నశించెను. ఆలూరు తాలూకా అప్పుడు బళ్లారి జిల్లాలోనిది. 1953లో మాత్రమే కర్నూలున జేరెను. ఆ కరువే తూర్పున నెల్లూరు జిల్లాలోని ఒంగోలు ప్రాంతమును గూడ పీడించెను. అచ్చటనే క్లౌగారికి గొప్ప పరీక్ష కలిగెను.

జాన్ ఎవరెట్ క్లౌగారు 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించిరి. యౌవనమున భూములు కొలుచు సర్వేపని నేర్చి, పిదప బోధకులై, 1866లో ఒంగోలు చేరిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనమండుగురితో నచ్చట సంఘము స్థాపింపబడెను. తొలుత బ్రాహ్మణ యువకులు కొందఱు వీరి బోధయందు ఆదరము చూపిరి. కాని మాదిగవారిని చేర్చుకొన్నచో తాము రాజాలమనిరి. క్లౌగారును వారి భార్యయు చక్కగా నాలోచించి, దీనులను విడువరాదని నిశ్చయించిరి.

చేరిన మాదిగవారికి వీరు విధించిన నియమములు మూడు: ఆదివారమున పనిచేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. ఇవి చూడ స్వల్పములు. కాని రైతు నాశ్రయించి బ్రదుకు కూలివానికి ఆదివారము పని మానుట యన యజమానుని కోపమునకు గుఱియగుటయే. జాతరలో డప్పు కొట్టనన్నవానికి గ్రామమున నిలువ నీడ దొరకుట కష్టము. పేదవాడు చచ్చిన గొడ్డు మాంసము మానుట యన ఆకలికి సిద్ధపడుటయే. కావున నాడు ప్రార్థనకు పోయి కూర్చుండుటయే యొక త్యాగము.

అంతలో కరువు వచ్చెను. ప్రభుత్వమువారు బకింగుహాము కాలువను త్రవ్వింపగా, క్లౌగారు తాము నేర్చిన సర్వేపని నుపయోగించి, మూడు మైళ్ళకు పైబడిన భాగమును గుత్తకు దీసికొని, వేలకొలది క్షామపీడితులకు కూలి కల్పించిరి. సంఘబోధకులే మేస్త్రీలై పని చేయించుచు, తీరికవేళల బోధించిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. క్లౌగారు ఒల్లమనిరి. అన్నము పెట్టు చేయియే మతము నిచ్చినచో, వచ్చినవాడు దేనికై వచ్చెనో యెట్లు తెలియును? 1877 మార్చి మొదలు పదునైదు నెలలు ఒక్కరికైనను బాప్తిస్మ మియ్యలేదు.

న్యాయవాదులమగుటచే మాకిందు 2024 వఱకు అమలులో నుండిన 1872 నాటి సాక్ష్యపు చట్టము స్మరణకు వచ్చుచున్నది. అధికారస్థులు ఆశ చూపి రాబట్టిన నేరాంగీకారమును ఆ చట్టము గ్రహింపకుండెడిది. ఆ యాశ పూర్తిగా తొలగిన పిమ్మట ఇచ్చినదానిని గ్రహించెడిది. క్లౌగారు హృదయవిషయమున నీ సూత్రమునే పాటించిరి. ఇక నీయవలసిన ధనము లేదని తెలియజేసిన పిదపను జనులు వచ్చిరి. 1878 జులై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. క్లౌగారు నీటిలోనికి దిగలేదు. దేశీయ బోధకులార్గురు, ఇద్దఱిద్దఱుగా, ఆ కార్యమును నిర్వహించిరి.

ఆ సంఖ్యను జూచి యుబ్బువారు గలరు. కరువు బాధ తీరకమునుపే చేరిరి గావున ఆశ వీడలేదని యాక్షేపించువారును గలరు. ఆ యాక్షేపణము త్రోసివేయదగినది కాదు. 2,222 మందిలో నెందఱి హృదయములు మాఱెనో మనుజుడు లెక్కింపజాలడు. కాని మేము మెచ్చునది ఆ యొక్క దినమును గాదు. దానికి ముందు గడచిన పదునైదు నెలలను. సంఘము నిండుటకు సులభమైన త్రోవ యెదుట నుండగా, నిజమునకై తలుపు మూసి కాచియుండుట సామాన్యుల కలవికాదు.

క్లౌగారు 1910లో అమెరికాలో మృతినొందిరి. తాత ప్రార్థనకు పోవుటకై కూలి పోగొట్టుకొనెను, దెబ్బలకు నోర్చెను. మనుమడు ఉతికిన బట్టలు గట్టి, యెవరి యభ్యంతరమును లేక, అదే మందిరమున కూర్చుండును. చేసినపని యొక్కటే, తాతకు అది యెదుగుదల, మనుమనికి అలవాటు గావచ్చును. ఇది క్రైస్తవులకు మాత్రమే చెప్పిన మాట కాదు. సంధ్య వార్చు మనమును, సమాజములకు బోయి ఉపన్యాసములు విను మనమును ఒక్కమాఱు యోచింతము: మన యారాధనము మనచేత నేమి విడిపించినది? ఏమియు లేనిచో, మనము మందిరమున కూర్చుంటిమే గాని, లోనికి పోలేదనుట నిశ్చయము.