సీటు హార్వర్డ్‌ది, ఖర్చు కాకినాడది

1920ల మొదట్లో మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తున్న యల్లాప్రగడ సుబ్బారావుకు హార్వర్డ్ ఉష్ణమండల వైద్య విభాగంలో సీటు దొరికింది. స్కాలర్‌షిప్ మాత్రం దొరకలేదు. అంటే ఓడ టికెట్టు మొదలు బోస్టన్‌లో ఇంటి అద్దె వరకు ప్రతి డాలరూ ఆయనే తెచ్చుకోవాలి. తెచ్చుకోవడానికి ఇంట్లో ఏమీ లేదు. ఆయన కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఈ ఘట్టాన్ని రెండు ముక్కల్లో దాటేసి ఏటీపీ దగ్గరికో, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ దగ్గరికో వెళ్లిపోతారు. ఆ డబ్బు పుట్టకపోయి ఉంటే ఆ రెండింటి చరిత్రలోనూ ఆయన పేరు ఉండేది కాదు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. ఆరోగ్యం చెడి ముందుగానే ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది. ఏడుగురు పిల్లల ఇల్లు. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు కాశీకి పారిపోయి, యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని డబ్బు సంపాదించాలనుకున్నారు. తల్లి వెంకమ్మ పట్టుకొచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. ఈలోగా తండ్రి పోయారు. కొడుకు చదువు కోసం వెంకమ్మ తన నగలు అమ్మారు. ఇవాళ అమెరికన్ కాలేజీల దరఖాస్తుల్లో కుటుంబ ఆస్తుల వివరాలు నింపే గడి ఒకటి ఉంటుంది. వెంకమ్మ ఆ గడిలో రాయడానికి అప్పటికే ఏమీ మిగల్లేదు.

మద్రాసు మెడికల్ కాలేజీ చదువు స్నేహితుల సాయంతోనూ, కస్తూరి సూర్యనారాయణమూర్తి ఇచ్చిన డబ్బుతోనూ నడిచింది. 1919లో ఆయన కూతురు శేషగిరిని సుబ్బారావు పెళ్లి చేసుకున్నారు. అది గాంధీ పిలుపు మీద విద్యార్థులు విదేశీ బట్టలు వదిలేస్తున్న కాలం. సుబ్బారావు ఖద్దరు ఆపరేషన్ గౌను తొడుక్కుని వార్డులోకి వెళ్లారు. శస్త్రచికిత్స ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షల్లో బాగానే చేసినా చివరకు చేతికొచ్చింది పూర్తి ఎంబీబీఎస్ కాదు, దానికంటే కింది మెట్టుగా చూసే ఎల్ఎంఎస్ పట్టా. మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నించినా ఫలితం లేకపోయింది. అలా డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో చేరారు.

అమెరికా ఆలోచన వెనక ఇంట్లో జరిగిన చావులున్నాయి. స్ప్రూ అనే ఉష్ణమండల వ్యాధి, పేగులు ఆహారాన్ని పీల్చుకోలేక మనిషి ఎండిపోయే జబ్బు, ఆయన అన్నదమ్ములిద్దరిని కొద్ది రోజుల తేడాతో తీసుకుపోయింది. అప్పటికి దానికి మందు లేదు. సుబ్బారావుకూ ఆ జబ్బు సోకిందని, లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారని చెబుతారు. ఆ సమయంలోనే మద్రాసు ప్రాంతంలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తరఫున కొంకిపురుగు నిర్మూలన పనిమీద ఉన్న ఒక అమెరికన్ డాక్టరు పరిచయమయ్యారు. పరిశోధన చేయాలంటే అమెరికా వెళ్లమని ఆయన ప్రోత్సహించారు.

ఇక డబ్బు. మామగారు తనకు వీలైనంత కూడగట్టారు. మిగిలిన భరోసా కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ నుంచి వచ్చింది. ఈ సత్యలింగ నాయకర్ గోదావరి తీరం నుంచి బతుకుదెరువుకు రంగూన్ వెళ్లి, అక్కడ వ్యాపారంలో పెద్ద ఆస్తి సంపాదించి, దాన్ని దానధర్మాలకు, చదువులకు రాసిచ్చిపోయిన మనిషి. సుబ్బారావు ఓడ ఎక్కేనాటికి ఆయన బతికి లేరు. కోస్తా నుంచి వేలమంది కూలీలు ఏటా బంగాళాఖాతం దాటి బర్మా రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసిన రోజులవి. ఆ వలసలో పుట్టిన సంపదలో ఒక చిన్న పాయ బోస్టన్ దాకా పారింది. హార్వర్డ్ ఖజానా నుంచి రాని డబ్బు రంగూన్ మీదుగా వచ్చిందన్నమాట.

పొట్ట చేత పట్టుకుని పోవడం రంగూన్‌తో ఆగలేదు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన భిలాయ్ ఉక్కు కర్మాగారం కోసం ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు తరలి వెళ్లాయి. అక్కడి క్యాంప్ 1 లాంటి బస్తీల్లో మూడో తరం పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ, కోచింగ్‌లో ఇంగ్లీషుతో పెరుగుతున్నారు. భిలాయ్ ఐఐటీ కోచింగ్‌కు పేరున్న ఊరు. అలాంటి ఇంటి నుంచి ఒక పిల్లో పిల్లాడో అమెరికాలో డిగ్రీ చదవాలనుకుంటే ఎదురయ్యేది సుబ్బారావుకు ఎదురైన ప్రశ్నే. సీటు వస్తుందా అన్నది సగమే. డబ్బు ఎవరు కడతారన్నది మిగతా సగం.

నూరేళ్లలో మారింది కొంత ఉంది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్ లాంటి కొద్ది సంస్థలు ఇప్పుడు విదేశీ విద్యార్థి కుటుంబ ఆదాయం చూడకుండానే ప్రవేశం నిర్ణయిస్తాయి. సీటిచ్చాక అవసరమైనంత మేరకు సాయం చేస్తాయి. 2022లో డార్ట్‌మత్, బోడిన్ కూడా వీటిలో చేరాయి. ఈ పద్ధతి పేరు నీడ్ బ్లైండ్. అయితే మిగతా కాలేజీల్లో అత్యధికం అలా కాదు. ఎంత సాయం అడుగుతున్నావన్నది కూడా చూసే సీటిస్తాయి. ఎక్కువ అడిగితే తలుపు మరింత ఇరుకవుతుంది. అమెరికా ఫెడరల్ ప్రభుత్వ సాయం విదేశీయులకు వర్తించదు. ఇక ఐ-20 పత్రం కావాలంటే కనీసం మొదటి ఏడాది ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో కాగితం మీద చూపాలి. కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లో జీతం స్లిప్పే ఉండకపోవచ్చు, బ్యాంకు నిల్వ సంగతి తర్వాత. నీడ్ బ్లైండ్ కాలేజీల్లో సీటు వచ్చే అవకాశం నూటికి నాలుగైదుకు అటూ ఇటూ అన్న సంగతి కూడా ఆ పిల్లలకు ముందే చెప్పడం మంచిది.

సుబ్బారావు కాలానికి ఈ పద్ధతేదీ లేదు. పైగా చట్టమే ఎదురుగా ఉంది. 1917 వలస చట్టం భారతీయ కూలీలను అమెరికాలో అడుగు పెట్టనివ్వలేదు. విద్యార్థులకు మాత్రం మినహాయింపు ఉంది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. చదువుకుని వెళ్లిపోయేవాళ్లుగా మాత్రమే వాళ్లకు చోటు.

బోస్టన్ చేరేసరికి తెచ్చుకున్న డబ్బు చాలదని అర్థమైంది. చేతిలోని ఎల్ఎంఎస్‌తో అక్కడ డాక్టరుగా పనిచేసే వీలు లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి పనికి కుదిరారు. రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేయడం ఆ పనిలో భాగం. ఊళ్లో వైద్యుడు, కళాశాలలో అధ్యాపకుడు అయిన భీమవరం బ్రాహ్మణ కుటుంబపు మనిషికి అది ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇంటికి రాసేటప్పుడు ఎంత చెప్పారో, ఎంత దాచారో. పగలు తరగతులు, రాత్రి ఆసుపత్రి. అలాగే డిప్లొమా పూర్తి చేశారు.

తర్వాత హార్వర్డ్ జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచమంతా ప్రయోగశాలల్లోకి వెళ్లింది. ఆ కొలత చేతిలో ఉండబట్టే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియేటిన్ దొరికింది. 1929లో ఏటీపీ బయటపడింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నారు. 1930లో సుబ్బారావుకు హార్వర్డ్ పీహెచ్‌డీ ఇచ్చింది. శాశ్వత అధ్యాపక పదవి మాత్రం ఇవ్వలేదు. ఆ ప్రయోగశాలలోనే పనిచేసి, తర్వాత నోబెల్ అందుకున్న జార్జి హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు ఫిస్క్ అసూయవల్ల వెలుగు చూడలేదని, వాటిని ఇతరులు ఏళ్ల తర్వాత మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని అభిప్రాయపడ్డారు. ఫిస్క్ వైపు వాదన వినే అవకాశం మనకు లేదు కాబట్టి ఇది ఒక సహోద్యోగి మాటగానే తీసుకోవాలి. పదిహేనేళ్లకు పైగా పనిచేసినా సుబ్బారావు అక్కడ స్థిరపడలేకపోయారన్నది మాత్రం వాస్తవం.

ఈ కథలో లెక్కకు రాని ఖర్చు ఒకటుంది, అది శేషగిరిది. భర్త వెళ్లేనాటికి ఆమె గర్భవతి. తర్వాత కొడుకు పుట్టాడు, ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. చదువు ముగించుకుని తిరిగి రావడమే మొదటి ఉద్దేశం. చదువు పరిశోధనలోకి, పరిశోధన ఉద్యోగంలోకి, ఆపైన యుద్ధంలోకి సాగింది. ఆయన ఎన్నడూ తిరిగి రాలేదు, ఆమె అమెరికా వెళ్లలేదు. మామగారు డబ్బిచ్చింది కూతురి కాపురం కోసమే కదా అని ఎవరైనా అడిగితే సుబ్బారావు అభిమానుల దగ్గర సరైన జవాబు ఉండదు. ఆయన గొప్పతనాన్ని చెప్పే వ్యాసాల్లో ఆమె ఒక వాక్యానికి మించి కనిపించకపోవడం అన్యాయమే.

1940లో ఆయన హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. త్వరలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. రాత్రి పనివాడిగా మొదలైన మనిషి కింద ఇప్పుడు పెద్ద శాస్త్రవేత్తల బృందం, కంపెనీ డబ్బు ఉన్నాయి. ఆ ఎనిమిదేళ్లలో అక్కడ జరిగిన పని ఒక మనిషి జీవితానికి ఎక్కువే. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అన్నదమ్ములను చంపిన స్ప్రూకు అది మందుగా పనిచేసింది. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమినోటెరిన్‌ను ఆ ప్రయోగశాలే తయారు చేసి ఇవ్వగా, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు వాడారు. జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిన సంగతిని ఆయన 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. బెంజమిన్ డగ్గర్ మట్టిలోంచి వెలికితీసిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి మందు, సుబ్బారావు నడిపిన కార్యక్రమంలోదే. బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్, హెట్రజాన్ పేరుతో, 1947లో అక్కడి నుంచే వచ్చింది. మన దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర ఇదే. తూర్పుగోదావరిలోనూ పంచారు, ఛత్తీస్‌గఢ్‌లోనూ పంచుతున్నారు. మింగేవాళ్లకు, మింగించే ఆశా కార్యకర్తలకు ఆయన పేరు తెలియాల్సిన అవసరం ఏమీ లేదు. కానీ చాలామంది డాక్టర్లకు కూడా తెలియదు.

1946లో ల్యూస్-సెల్లర్ చట్టం భారతీయులకు అమెరికా పౌరసత్వానికి దారి తెరిచింది, ఏడాదికి వందమంది వలసదారుల కోటాతో. సుబ్బారావు పౌరుడు కాలేదు. అక్కడ పాతికేళ్లు గడిపి, విదేశీయుడిగానే 1948 ఆగస్టులో పెర్ల్ రివర్‌లో గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. స్వదేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కూడా నిండలేదు. భారత తపాలా శాఖ 1995లో శతజయంతికి ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది. కాకినాడలో సత్యలింగ నాయకర్ పేరున పెట్టిన విద్యాసంస్థలు ఇప్పటికీ ఉన్నాయి.