కోలీ వైద్యుని అన్వేషణ

విలియం కోలీ (1862–1936) న్యూయార్కు నగరమున శస్త్రవైద్యుడు. సార్కోమా అను వ్రణము సోకిన పదునేడేండ్ల బాలిక చేతిని ఖండించియు ఆమెను బ్రతికింపజాలకపోయెను. 1891లో ఆమె మరణించెను.

ఆ వేదనతో ఆసుపత్రి పాత దస్త్రములను వెదకగా, విసర్పి జ్వరము తగిలి కంతి కరగిపోయిన రోగి వృత్తాంతము కనబడెను. అంతట కోలీ రోగుల కంతులలోనికి సూక్ష్మజీవులను, 1893 నుండి చంపిన సూక్ష్మజీవులను ఎక్కించెను. కొందరు స్వస్థులైరి, కారణము తెలియనందున పలువురు వైద్యులు విశ్వసింపరైరి.

1953లో కుమార్తె హెలెన్, తండ్రి కృషి మరుగుపడకుండుటకై, కేన్సర్ పరిశోధన సంస్థను నెలకొల్పెను. 1975లో లాయిడ్ ఓల్డ్ బృందము, సూక్ష్మజీవుల విషము ఎక్కించిన ఎలుకల రక్తరసమున కంతులను నశింపజేయు మాంసకృత్తును కనుగొనెను. మానవులలోను గల ఆ మాంసకృత్తు దేహమంతట వ్యాపించిన ప్రాణహాని. 1999లో ఐరోపాలో, దానిని సార్కోమా పుట్టిన చేతికో కాలికో మాత్రమే ఎక్కించి ఆ అవయవమును నిలుపు చికిత్సకు అనుమతి లభించెను. కోలీ నాడు ఖండింపవలసి వచ్చినది అట్టి చేతినే.