శ్రీనాథుని జీవితం – అనిత్యత

ఐశ్వర్యం అస్థిరమని విరాగులు బోధించటంలో వింత లేదు. భోగపరుడైన ఒక మహాకవి జీవితమే ఆ సత్యానికి వ్యాఖ్యానం కావటం గమనింపదగినది. కవిసార్వభౌముడు శ్రీనాథుని చరిత్ర అట్టిది.

క్రీ.శ. 14వ శతాబ్ది చివరి పాదంలో జన్మించిన శ్రీనాథుడు కొండవీటి ప్రభువు పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో విద్యాధికారి పదవి నలంకరించాడు. ఆ కాలంలోనే శ్రీహర్షుని నైషధాన్ని తెనిగించి మామిడి సింగనామాత్యునికి అంకితమిచ్చాడు. 1420 ప్రాంతంలో వేమారెడ్డి గతించాడు. తరువాత నాలుగైదేండ్లకే కొండవీటి రెడ్డిరాజ్యం అంతరించింది. ఆశ్రయం నశింపగా ఆశ్రితమైన గుణమూ నశిస్తుందని నైయాయికుల సిద్ధాంతం. పదవి విషయంలో శ్రీనాథునికి అదియే అనుభవమైనది.

అయినను ఆయన ప్రతిభ కుంటుపడలేదు. విజయనగరంలో ప్రౌఢదేవరాయల (1424–1446) సభలో గౌడ డిండిమభట్టును ఓడించి, అతని కంచుఢక్కను పగులగొట్టించి, కనకాభిషేకం పొందినట్లు చాటువులు తెలుపుతున్నవి. పిదప రాజమహేంద్రవరం చేరి, కాశీఖండాన్ని వీరభద్రారెడ్డికి అంకితం చేశాడు. ఆ రాజ్యమూ 15వ శతాబ్ది మధ్యభాగంలో గజపతుల వశమైనది.

చరమదశను తెలుపు ఆధారాలు చాటువులే. వాటి కర్తృత్వంపై విమర్శకులలో ఏకాభిప్రాయం లేదు. వాటిని బట్టి చూడగా, వృద్ధుడైన కవి బొడ్డుపల్లెలో భూమిని గుత్తకు తీసుకొన్నాడు. పంట కొంత కృష్ణ వరద పాలయింది. మిగిలిన నువ్వులు, పెసలు పక్షుల పాలయినవి. 700 టంకాల పన్ను చెల్లింపలేక, సంకెళ్లతో ఎండలో నిలిచి, భుజాన బండరాయి మోసినట్లు వాటిలో ఉన్నది. వస్త్రాలిచ్చినవారు, కస్తూరి నిచ్చినవారు, దినవెచ్చం జరిపినవారు ఒక్కొక్కరే గతించారని తలపోయటం వాటిలోని కరుణరసానికి పరాకాష్ఠ.

అయితే కవిత్వం మాత్రం నిత్యమా? కాశీఖండ పీఠికలో శ్రీనాథుడు తన కృతులను వయోదశల క్రమంలో పేర్కొన్నాడు: బాల్యంలో మరుత్తరాట్చరిత్ర, తొలి యౌవనంలో శాలివాహన సప్తశతి, నిండు యౌవనంలో నైషధం, ప్రౌఢ వయస్సులో భీమేశ్వర మహిమ. వీటిలో మొదటి రెండూ నేడు అలభ్యాలు. వయస్సు గడచిపోయినట్లే ఆ వయస్సున రచించిన కృతులూ పోయినవి. తాటియాకు జీర్ణం కాకముందే ప్రతి వ్రాసిన లేఖకులుండుట చేత నైషధ, కాశీఖండాదులు నిలిచినవి. ఏ ఆకునూ ఆశ్రయింపని చాటువులు జనుల నాలుకలపై శతాబ్దాలు నడచి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి సంగ్రాహకుల చేతికందినవి.

కావున శ్రీనాథుని జీవితం తెలుపు అనిత్యతకు కేవలం వినాశమని అర్థం కాదు. ఏదియు తనంతట తాను నిలువదనుటయే దాని తాత్పర్యం. ఆయనను పోషించిన ప్రభువులు గతించిరి. ఆ ప్రభువుల పేర్లు ఆయన కృతులలో నిలిచినవి. ఆ కృతులు నిలుచుట చదువరుల శ్రద్ధపై ఆధారపడినది.